ఎండనూ గాలినీ కొలిచిన అన్నా మణి



జూన్ వచ్చింది, బడి తెరిచాం. మే నెలంతా మేడ మీద కాలు పెట్టలేనంత ఎండ కాసింది. ఇప్పుడు అదే మేడ మీద ఆరేసిన బట్టలకు రెండేసి క్లిప్పులు పెట్టినా గాలికి ఎగిరి పక్కింట్లో పడుతున్నాయి. మీ అపార్ట్‌మెంట్ మీద సోలార్ పలకలు ఉంటే ఇంకో సంగతి కూడా గమనించే ఉంటారు. వేసవిలో దండిగా వచ్చిన యూనిట్లు మబ్బు పట్టిన రోజున బాగా తగ్గిపోతాయి. అంటే ఎండ వెనక్కి తగ్గిన రోజుల్లోనే గాలి ముందుకు వస్తోంది.

ఈ చిన్న విషయాన్ని నమ్ముకునే ఇప్పుడు వేల కోట్ల రూపాయలతో విద్యుత్ కేంద్రాలు కడుతున్నారు. సోలార్ పలకలనూ గాలిమరలనూ కలిపి, ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి ఆదుకునేలా నడిపే ఏర్పాటునే హైబ్రిడ్ విద్యుత్ అంటున్నారు. మీ పిల్లల పాఠ్యపుస్తకాల్లో, వార్తల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది. అయితే మన దేశంలో ఏ ఊళ్ళో ఎంత ఎండ కాస్తుందో, ఏ కొండ మీద ఎంత గాలి వీస్తుందో, ఏ నెలలో ఏది పెరిగి ఏది తగ్గుతుందో ముందుగా ఎవరు కొలిచారు? ఆ పనిలో చాలామంది చేతులు ఉన్నాయి. వాళ్ళందరిలో ముందు చెప్పుకోవలసిన పేరు అన్నా మణి. ఎండ లెక్క, గాలి లెక్క రెండూ ఆమె చేతుల మీదుగానే పుస్తకాలుగా వచ్చాయి.

ఈ నెల ఆమె జీవితాన్ని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పరీక్షా ఫలితాలు వచ్చిన కాలం ఇది. ఏ ఇంట్లో చూసినా ర్యాంకులు, సీట్లు, సర్టిఫికెట్ల మాటే వినిపిస్తోంది. అన్నా మణికి ఒక ముఖ్యమైన పట్టా రాలేదు. అనుకున్న దారిలో సీటు కూడా దొరకలేదు. ఆ తర్వాత ఆమె ఏం చేశారో చదవండి.

చెవిదుద్దులు వద్దన్న పాప

అన్నా మణి 1918 ఆగస్టు 23న పీరుమేడులో పుట్టారు. అది అప్పట్లో తిరువాన్కూరు సంస్థానంలో ఉండేది, ఇప్పుడు కేరళలోని ఇడుక్కి జిల్లాలో ఉంది. తండ్రి సివిల్ ఇంజినీరు. యాలకుల తోటలు ఉన్న కలిగిన కుటుంబం. ఎనిమిది మంది పిల్లల్లో ఆమె ఏడవది. మగపిల్లలను పెద్ద ఉద్యోగాలకు, ఆడపిల్లలను పెళ్ళికి తయారు చేయడం ఆ కాలపు ఆనవాయితీ. ఆ ఇల్లూ అందుకు మినహాయింపేమీ కాదు.

ఆడపిల్లకు ఎనిమిదో ఏడు వస్తే వజ్రాల చెవిదుద్దులు పెట్టడం ఆ ఇంటి ఆచారం. అన్నాకూ తెచ్చిపెట్టారు. ఆ పాప అవి వద్దని, వాటికి బదులు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటాలు కొనిపెట్టమని అడిగింది. ఆ వయసుకే ఊరి గ్రంథాలయంలో ఉన్న మలయాళ పుస్తకాలు దాదాపు అన్నీ చదివేసిందట. పన్నెండేళ్ళకు ఇంగ్లీషు పుస్తకాల పనీ పట్టింది.

1925లో గాంధీజీ వైకోం సత్యాగ్రహం సందర్భంగా ఆ ప్రాంతానికి వచ్చారు. గుడి చుట్టూ ఉన్న దారుల్లో అన్ని కులాల వాళ్ళూ నడవవచ్చా లేదా అన్నదే ఆ పోరాటం. అప్పటికి అన్నాకు ఇంకా ఏడేళ్ళు నిండలేదు. ఆ ప్రభావం మనసులో నిలిచిపోయింది. ఆమె ఖాదీ కట్టడం మొదలుపెట్టి, జీవితాంతం ఖాదీలోనే ఉన్నారు. అక్కలు చిన్న వయసులోనే పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోతుంటే, తాను మాత్రం పైచదువులు చదవాలనుకున్నారు. ఇంట్లో వాళ్ళు పెద్దగా అడ్డుపడలేదు, అలాగని పెద్దగా ప్రోత్సహించనూ లేదు.

వజ్రాలతో రాత్రులు

మొదట ఆమెకు వైద్యం చదవాలని ఉండేది. అది కుదరలేదు. ఫిజిక్స్ బాగా వస్తుంది కాబట్టి అదే తీసుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఆనర్స్ పూర్తి చేసి, 1940లో ఉపకార వేతనంతో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు వెళ్ళారు. అక్కడ సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరారు. మన విశాఖపట్నంలో బాల్యం గడిపి, అక్కడే బడి చదువు చదివిన రామన్ గారే ఆయన.

చిన్నప్పుడు వజ్రాలు వద్దన్న పిల్లకు ఇక్కడ వజ్రాలే పని అయ్యాయి. రామన్ దగ్గర అప్పట్లో సుమారు 300 వజ్రాలు ఉండేవి. వాటి మీద కాంతి పడితే కొన్ని మెరుస్తాయి, కొన్ని మెరవవు. ఎందుకన్నదే ప్రశ్న. అన్నా మణి ముప్పైకి పైగా వజ్రాలను తీసుకుని, ఒక్కొక్కదాని వెలుగును ఫొటో పలకల మీద నమోదు చేశారు. ఆ వెలుగు చాలా మందంగా ఉంటుంది. ఒక్క పలక మీద గుర్తు పడాలంటే 15 నుంచి 20 గంటలు పట్టేది. అన్ని గంటలూ పరికరం కదలకూడదు. అందుకని ఆమె చాలా రాత్రులు ప్రయోగశాలలోనే పడుకునేవారు.

1942 నుంచి 1945 వరకు ఆమె ఐదు పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఐదింటి మీదా ఆమె పేరు ఒక్కటే ఉంది. తోడు రచయితలు ఎవరూ లేరు.

రాని పట్టా

1945 ఆగస్టులో ఆమె తన పరిశోధన గ్రంథాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించారు. అప్పట్లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ సొంతంగా డిగ్రీలు ఇచ్చేది కాదు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జవాబు ఇది: ఆమెకు ఎంఎస్సీ లేదు, కాబట్టి పీహెచ్‌డీ ఇవ్వడం కుదరదు. ఆనర్స్ డిగ్రీ ఉంది, పోటీలో గెలుచుకున్న ఉపకార వేతనం ఉంది, అచ్చయిన ఐదు పత్రాలు ఉన్నాయి. అవేవీ లెక్కలోకి రాలేదు.

మీరు ఆ స్థానంలో ఒక తల్లిగానో తండ్రిగానో ఉన్నారనుకోండి. ఐదేళ్ళ కష్టం ఒక్క కాగితం లేదన్న కారణంతో పక్కకు పోయింది. ఆమె ఆ పట్టా కోసం తర్వాత ఎప్పుడూ ప్రయత్నించలేదు. దాని గురించి పెద్దగా బాధపడినట్టు కూడా కనిపించరు. ఆ గ్రంథం మాత్రం మిగతా పరిశోధన గ్రంథాలతో పాటు బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయంలోనే ఉంది. పట్టా వచ్చినవాటి పక్కన పెట్టి చూస్తే తేడా తెలియదు.

లండన్‌లో మారిన దారి

అదే ఏడాది ఇంగ్లండులో శిక్షణకు ప్రభుత్వ ఉపకార వేతనం వచ్చింది. యుద్ధం అప్పుడే ముగిసింది. ఆమె ఓడెక్కి లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీకి వెళ్ళారు. ఫిజిక్స్‌లో పరిశోధన కొనసాగించాలన్నది ఆమె ఆలోచన. తీరా వెళ్ళాక ఖాళీ ఉన్నది ఒక్క చోటే. అది వాతావరణ పరికరాల విభాగం.

థర్మామీటర్లు, వర్షమానినులు, గాలి వేగం కొలిచే గిన్నెల చక్రాలు. వజ్రాల పరిశోధన ముందు ఇవి చిన్న వస్తువుల్లా కనిపిస్తాయి. పేరు రాదు, బహుమతులూ రావు. ఆమె ఆ శిక్షణకే ఒప్పుకున్నారు. పరికరం ఎలా తయారవుతుంది, ఎలా సరిచూడాలి, ఎక్కడ తప్పు చూపిస్తుంది అన్నవి మూడేళ్ళు నేర్చుకున్నారు. 1948లో స్వతంత్ర భారతానికి తిరిగి వచ్చి, పుణేలోని భారత వాతావరణ శాఖ పరికరాల విభాగంలో చేరారు.

పుణేలో 121 మంది

స్వాతంత్ర్యానికి ముందు మామూలు థర్మామీటర్, బారోమీటర్ కూడా బ్రిటన్ నుంచే రావాలి. వాటిని ఇక్కడే తయారు చేయాలని పుణేలో ఎస్.పి. వెంకటేశ్వరన్ అనే అధికారి వర్క్‌షాపు మొదలుపెట్టారు. అన్నా మణి అందులో ఆయనకు తోడయ్యారు. 1953లో ఆ విభాగం బాధ్యత ఆమెకే వచ్చింది. ఆమె కింద 121 మంది పనిచేసేవారు. అందరూ మగవాళ్ళే.

ఆమె సుమారు వంద రకాల పరికరాలకు ప్రామాణిక నమూనా చిత్రాలు తయారు చేయించి, ఇక్కడే ఉత్పత్తి మొదలుపెట్టించారు. ఒక ఊళ్ళో పెట్టిన పరికరం, ఇంకో ఊళ్ళో పెట్టిన పరికరం ఒకే కొలత చూపించాలంటే రెండూ ఒకే నమూనాలో తయారు కావాలి, ఒకే పద్ధతిలో సరిచూడాలి. లేకపోతే రెండు ఊళ్ళ లెక్కలను పోల్చడమే కుదరదు. సికింద్రాబాద్ నుంచి అమీర్‌పేట వైపు వెళ్ళేటప్పుడు మీరు బేగంపేట పాత విమానాశ్రయం దాటుతారు. మన వాతావరణ కేంద్రం ఉన్నది ఆ ఆవరణలోనే. అక్కడి కొలతనూ విశాఖ కొలతనూ పక్కపక్కన పెట్టి వార్తల్లో చదవగలుగుతున్నామంటే, ఇలా ఒకే కొలబద్దతో పనిచేసే అలవాటు దేశమంతా పాతుకుపోవడమే కారణం.

తప్పు కొలత ఉండటం కన్నా అసలు కొలత లేకపోవడమే మేలని ఆమె నమ్మకం. ఇది చాదస్తంలా అనిపించవచ్చు. ఆ నమ్మకం విలువ ఎంతో గాలి విషయానికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

ఎండ లెక్క

1957, 1958 సంవత్సరాల్లో ప్రపంచ దేశాలు కలిసి అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం జరిపాయి. ఆ సందర్భంగా అన్నా మణి మన దేశంలో సూర్యకాంతిని కొలిచే కేంద్రాలను వరుసగా ఏర్పాటు చేయించారు. మొదట పరికరాలు బయటి నుంచి తెప్పించారు. తర్వాత వాటినీ ఇక్కడే తయారు చేయించారు.

ఎండను ఎలా కొలుస్తారో పిల్లలకు సులభంగా చెప్పవచ్చు. గాజు బుడగ కింద నల్లటి చిన్న పలక ఉంటుంది. ఎండ పడితే అది వేడెక్కుతుంది. ఆ వేడికి చాలా స్వల్పంగా విద్యుత్ పుడుతుంది. దాన్ని కొలిస్తే ఎండ ఎంతో తెలుస్తుంది. అలాంటిదే ఇంకో పరికరం మీద సూర్యుడు నేరుగా పడకుండా ఒక పట్టీ అడ్డం పెడతారు. మబ్బులూ దుమ్మూ చెదరగొట్టిన వెలుగు మాత్రమే దాని మీద పడుతుంది. ఈ రెండు లెక్కలూ గంటగంటకూ, ఏళ్ళ తరబడి రాయాలి. మన దేశంలో చదరపు మీటరు నేల మీద రోజుకు సుమారు 4 నుంచి 7 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన ఎండ పడుతుందని ఈ రోజు ధీమాగా చెబుతున్నామంటే, దాని వెనుక ఇలాంటి రాతలే ఉన్నాయి.

ఆమె ఇతర పనులూ తక్కువేమీ కాదు. పైవాతావరణంలోని ఓజోన్‌ను కొలవడానికి బెలూన్‌కు కట్టి పంపే పరికరాన్ని 1960లలో మన దేశంలోనే రూపొందించడంలో ఆమె ముందుండి పనిచేశారు. విక్రమ్ సారాభాయ్ అడిగితే తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలన కేంద్రాన్ని ఏర్పాటు చేసి ఇచ్చారు. 1976లో వాతావరణ శాఖ డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశారు.

ఆ కేంద్రాల్లో పోగైన లెక్కలన్నీ సరిచూసి, 1980లో దేశపు సూర్యకాంతి వివరాలతో పెద్ద పుస్తకం వెలువరించారు. కొద్ది కాలానికే దానికి తోడుగా రెండో గ్రంథం వచ్చింది. సోలార్ మీద పనిచేసే ఇంజినీర్లకు అవి చాలాకాలం పక్కన పెట్టుకునే పుస్తకాలయ్యాయి. అప్పటికి సోలార్ పలకలు మామూలు ఇళ్ళ మీద ఎక్కడా లేవు.

గాలి లెక్క

పదవీ విరమణ తర్వాత ఆమె బెంగళూరులో స్థిరపడ్డారు. కొన్నాళ్ళు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. ఎండనూ గాలినీ కొలిచే పరికరాలు తయారు చేసే చిన్న వర్క్‌షాపు పెట్టారు. చాలామంది విశ్రాంతి తీసుకునే వయసులో ఆమె గాలి లెక్క చేతిలోకి తీసుకున్నారు.

గాలితో చిక్కు ఏమిటంటే, దాని వేగంలో చిన్న తేడా విద్యుత్తులో పెద్ద తేడా అవుతుంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలికీ 6 మీటర్ల గాలికీ చెట్టు కింద నిలబడి చూస్తే తేడా తెలియదు. శక్తి లెక్కలో మాత్రం రెండోది 73 శాతం ఎక్కువ. గాలి కొలిచే పరికరం 10 శాతం ఎక్కువ చూపించిందనుకోండి. ఆ కొండ మీద ఉన్నదానికన్నా 33 శాతం ఎక్కువ శక్తి ఉందని కాగితాల మీద తేలుతుంది. ఆ కాగితం చూసి బ్యాంకు అప్పిస్తుంది, గాలిమరలు నిలబెడతారు. తర్వాత అనుకున్న విద్యుత్తు రాదు. తప్పు కొలత మీద ఆమెకు అంత పట్టింపు ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా.

1983లో ఆమె మరొక శాస్త్రవేత్తతో కలిసి మన దేశపు గాలి వివరాలను పుస్తకంగా తెచ్చారు. వాతావరణ శాఖ పాత కేంద్రాల లెక్కలు ఊళ్ళ మధ్య తీసుకున్నవి, విమానాశ్రయాల దగ్గర తీసుకున్నవి. గాలిమరలు పెట్టాల్సింది కొండల మీద, కనుమల దగ్గర. అందుకే 1980లలో ప్రభుత్వ కార్యక్రమం కింద దేశంలో వందల చోట్ల స్తంభాలు పాతి, వాటి మీద పరికరాలు బిగించి, ఏడాది పొడవునా గాలిని నమోదు చేయించారు. ఆ బృందానికి నాయకత్వం ఆమెదే. ఆ సర్వే సంపుటాలు 1990ల తొలినాళ్ళలో వరుసగా వచ్చాయి. అప్పటికి ఆమెకు డెబ్బై దాటింది.

ఆ సర్వేలో మన తెలుగు నేల కొండలూ ఉన్నాయి. వానలు సరిగ్గా పడక, సేద్యం కష్టంగా సాగే ఉమ్మడి అనంతపురం జిల్లాలో గాలి మాత్రం బాగా వీస్తుందన్న సంగతి అక్కడి రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. ఎంత వీస్తుందో అంకెల్లో తేలాకే గాలిమరలు వచ్చాయి. రామగిరి కొండల మీద నిలబెట్టినవి ఆంధ్రప్రదేశ్‌లో తొలినాటి గాలిమరల్లో ఉన్నాయి. రైల్లో గుంతకల్లు, అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్ళేటప్పుడు కిటికీలోంచి కొండల మీద తెల్లటి రెక్కలు తిరుగుతూ కనిపిస్తే, పిల్లలకు ఈ కథ చెప్పండి. తెలంగాణలో గాలి అంత లేదు. వికారాబాద్ జిల్లా పరిగి లాంటి కొద్ది చోట్లే గాలిమరలు ఉన్నాయి. మనకు దండిగా ఉన్నది ఎండ.

రెండూ కలిస్తే

ఇప్పుడు ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రాయలసీమలో మార్చి నుంచి మే వరకు ఎండ పైమెట్టు మీద ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులు బలంగా వీస్తాయి. ఆ నెలల్లోనే మబ్బుల వల్ల ఎండ తగ్గుతుంది. రోజు లెక్కలోనూ అంతే. ఎండ సాయంత్రం ఆరింటికి సెలవు తీసుకుంటుంది, గాలి రాత్రి కూడా పనిచేస్తుంది.

ఈ రెంటినీ కలిపితే ఇంకో లాభం ఉంది. విద్యుత్ కేంద్రం నుంచి ఊరికి తీగలు లాగడానికి, సబ్‌స్టేషన్ కట్టడానికి చాలా ఖర్చవుతుంది. సోలార్ ఒక్కటే ఉంటే ఆ తీగలు రాత్రంతా ఖాళీగా ఉంటాయి. మన ఊళ్ళో ఒకే ఆటోను పగలు ఒకరు, రాత్రి ఒకరు నడుపుకుంటారు చూడండి. బండి ఒకటే, కిస్తీ ఒకటే, సంపాదన రెండు పూటలా వస్తుంది. హైబ్రిడ్ కేంద్రంలో ఆ ఆటో విద్యుత్ తీగ, ఆ ఇద్దరు డ్రైవర్లు ఎండా గాలీ. 2018లో కేంద్ర ప్రభుత్వం దీనికోసం ప్రత్యేక విధానం ప్రకటించింది. పేరుకు ఒకటి రెండు గాలిమరలు పెట్టి హైబ్రిడ్ అనడానికి వీల్లేదు. రెండింటిలో చిన్నదాని సామర్థ్యం పెద్దదానిలో కనీసం 25 శాతం ఉండాలి.

అయితే ఎండా గాలీ రెండూ తగ్గే గంటలూ ఉంటాయి. అందుకు నంద్యాల జిల్లా పిన్నాపురంలో మూడో తోడును కూడా కలిపారు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న గ్రీన్‌కో సంస్థ చేపట్టిన ఈ ప్రాజెక్టులో సోలార్, గాలిమరలతో పాటు పైన ఒకటి, కింద ఒకటి రెండు జలాశయాలు ఉన్నాయి. విద్యుత్తు ఎక్కువైనప్పుడు కింది నీళ్ళను పైకి తోడతారు. సాయంత్రం ఇళ్ళల్లో దీపాలు, ఏసీలు, మోటార్లు ఒక్కసారిగా నడిచే వేళ ఆ నీళ్ళను కిందికి వదిలి విద్యుత్తు తీస్తారు. ఈ నీటి ఏర్పాటుకు అనుకున్న సామర్థ్యం 1,680 మెగావాట్లు.

అన్నా మణి ఇలాంటి కేంద్రాలు కట్టలేదు, వాటిని చూడనూ లేదు. ఆమె కాలపు స్తంభాలు 20, 25 మీటర్ల ఎత్తువి. ఇప్పటి గాలిమరలు వంద మీటర్లు దాటాయి కాబట్టి కొత్తగా కొలుస్తున్నారు, ఉపగ్రహాల సాయమూ తీసుకుంటున్నారు. పని మొదలుపెట్టిన పద్ధతి మాత్రం అదే. ముందు ఏడాది పొడవునా కొలవాలి, ఆ తర్వాతే కట్టాలి.

1994లో ఆమెకు పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత నడవలేకపోయారు. 2001 ఆగస్టు 16న తిరువనంతపురంలో కన్నుమూశారు. ఇంకో వారం ఉంటే 83 ఏళ్ళు నిండేవి. ఆమె పెళ్ళి చేసుకోలేదు. 1987లో ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ ఇచ్చిన కె.ఆర్. రామనాథన్ పతకం ఆమెకు దక్కిన గౌరవాల్లో ఒకటి. ఆమె పేరు ముందు డాక్టర్ అన్న మాట మాత్రం ఎప్పుడూ చేరలేదు.

మీ మేడ సంగతి

మన మారేడ్‌పల్లి, సైనిక్‌పురి, బోయిన్‌పల్లి వైపు చాలామంది తల్లిదండ్రులు ఇంటి మీద సోలార్ పెట్టించుకునే ఆలోచనలో ఉన్నారు. కొందరికి చిన్న గాలిమర కూడా కలిపి హైబ్రిడ్ పెట్టించుకుంటే బాగుంటుందేమో అనిపించవచ్చు. అన్నా మణి దారిలో ముందు లెక్క చూద్దాం.

ఒక కిలోవాట్ సోలార్ పలకలకు నీడ పడని చోటు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మంచి ఎండ రోజున 4 యూనిట్ల చుట్టూ వస్తుంది. ఇది మన నగరంలో నమ్మదగిన లెక్క. గాలి సంగతి వేరు. చుట్టూ ఇళ్ళు, ట్యాంకులు, చెట్లు ఉన్న మేడ మీద గాలి అడ్డుపడి, సుడులు తిరిగి, నెమ్మదిస్తుంది. కొండ మీద సెకనుకు 6 మీటర్లు వీచే చోటికీ, మేడ మీద 3 మీటర్లు వీచే చోటికీ శక్తిలో తేడా ఎనిమిది రెట్లు. కాబట్టి ఎవరైనా మీ మేడకు గాలిమర అమ్మజూపితే, అదే ఎత్తులో, అదే చోట ఏడాది పాటు గాలి ఎంత వీచిందో కాగితం చూపించమని అడగండి. ఆ కాగితం లేకపోతే సోలార్‌తో ఆగండి. పొలమో తోటో విశాలంగా ఉన్న ఊళ్ళో సొంత ఇల్లు ఉంటే లెక్క మారవచ్చు. అక్కడైనా ముందు కొలవాల్సిందే.

పిల్లలతో ఒక నెల

ఈ నెల ఇంట్లో పిల్లలతో ఒక పని చేయించండి. దీనికి పరికరాలేమీ అక్కర్లేదు, ఒక నోటుబుక్ చాలు. రోజూ మూడు సార్లు, ఉదయం బడికి బయలుదేరే ముందు, సాయంత్రం వచ్చాక, రాత్రి పడుకునే ముందు రెండు గుర్తులు రాయమనండి.

మొదటిది ఎండ. తన నీడ అంచు స్పష్టంగా కనిపిస్తే 2, మసగ్గా ఉంటే 1, నీడే లేకపోతే 0. రాత్రికి సహజంగానే 0.

రెండోది గాలి. ఆకులు కదలకపోతే 0, ఆకులు మాత్రమే కదిలితే 1, చిన్న కొమ్మలు కూడా ఊగితే 2. ఎప్పుడూ ఒకే చెట్టును చూడాలి. అదే ఇందులో ముఖ్యమైన నియమం.

ఏదైనా పూట మరిచిపోతే ఆ గడి ఖాళీగా వదిలేయమనండి. గుర్తున్నట్టుగా ఊహించి నింపవద్దని చెప్పండి. మనం కూడా జాలిపడి నింపకూడదు. నెలాఖరుకు రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి, ఎండ 0 ఉన్న పూటల్లో గాలి ఎన్నిసార్లు 1 గానీ 2 గానీ ఉందో లెక్కపెట్టమనండి. హైబ్రిడ్ విద్యుత్ అంటే ఏమిటో ఆ లెక్కతో వాళ్ళకే తెలుస్తుంది. రెండూ 0 అయిన పూటలు ఎన్నో చూస్తే, పిన్నాపురంలో నీళ్ళు ఎందుకు కలిపారో కూడా అర్థమవుతుంది.

దీనికి మార్కులు లేవు, ర్యాంకులూ లేవు. నెల రోజులు నిజాయితీగా రాసిన నోటుబుక్‌ను, ఖాళీ గడులతో సహా, జులై మొదటి వారంలో సైన్స్ టీచర్‌కు చూపించమని చెప్పండి. తరగతిలో అందరి లెక్కలనూ కలిపి చూస్తాం. మారేడ్‌పల్లి చెట్టుకూ సైనిక్‌పురి చెట్టుకూ తేడా ఉందేమో అప్పుడు తెలుస్తుంది.